సంక్రాంతి టోర్నమెంటుకు బెట్టింగ్ యాప్ జెర్సీలు: గ్రౌండ్ ఇచ్చేటప్పుడే అడ్డం కొట్టలేమా?

పెన్నా_గట్టు (నెల్లూరు)
అన్నలూ, మా ఊళ్లో సంక్రాంతి టోర్నమెంటు పనులు మొదలుపెట్టినాం. పదహారు టీములు, టెన్నిస్ బాల్, హైస్కూల్ గ్రౌండ్. మొన్న ఒకాయన ఫోన్ చేసి టీములన్నిటికీ జెర్సీలు ఉచితం, కప్పు మాదే, పైఖర్చులకు డబ్బు కూడా ఇస్తామన్నాడు. శాంపిల్ ఫోటో వాట్సాప్‌లో పంపినాడు. గుండె మీద జానెడు లోగో, పేరు చివర ‘న్యూస్’ అని ఉండాది. ఊరి పేరేమో వీపు కింద, కనపడీ కనపడకుండా. చేతి మీద క్యూఆర్ కోడ్. స్కాన్ చేసి చూస్తే న్యూసూ లేదు ఏమీ లేదు, ‘ఐడీ కావాలంటే మెసేజ్ పెట్టండి’ అని నేరుగా ఒక నంబరు వచ్చింది. ఐడీ అంటే పందెం కాసే ఖాతా అన్నమాట.

కమిటీలో సగం మంది తీసుకుందామంటుండారు, సగం మంది వద్దంటుండారు. నా ప్రశ్న ఈ ఒక్క టోర్నమెంటు గురించే కాదు. ప్రభుత్వ గ్రౌండ్లలో, ఆడేవాళ్ల బట్టల మీద జూదం ప్రకటనలు ఉండకూడదని మన దగ్గర ఒక రూలు పెట్టించలేమా?

సెకండ్_స్లిప్ (కోవూరు)
ఏంది సామీ, ఇచ్చేవాడు ఇస్తుంటే. లెక్క చూడు. టీముకు పన్నెండు మంది, పదహారు టీములు. జెర్సీ నాలుగొందలు అనుకున్నా డెబ్బై ఆరు వేలు దాటుతుంది. వద్దన్నోళ్లు చందా వేసి ఇస్తారా? పోయినసారి షామియానా ఆయనకు బాకీ తీర్చేసరికి ఉగాది వచ్చింది.

ఇంకోటి. నెల్లూరులో బెట్టింగు బోర్డులు చూసి మొదలైందా? ఐపీఎల్ పుట్టకముందు నుంచీ ఉండాది. ఏ బుకీ అయినా ఎప్పుడన్నా ఫ్లెక్సీ కట్టినాడా?

పీఈటీ_మాస్టారు (కావలి)
బుకీకి ఫ్లెక్సీ అక్కర్లేదు నాయనా. వాడి దగ్గరికి పోయేవాడు ముందే ఆ దారి తెలిసినవాడు. ఆ దారి తెలియని పిల్లోణ్ణి తెచ్చేదే ఈ లోగో.

పోయిన వేసవిలో మా పక్క మండలంలో ఒక టోర్నమెంటుకు అంపైరింగ్‌కు పోయినా. కామెంటరీ చెప్పే అబ్బాయి చేతిలో ఒక కాగితం ఉంది. సిక్సర్ పడితే ఒక లైను, వికెట్ పడితే ఒక లైను, ఓవర్ అయిపోతే ఒక లైను. మూడింట్లోనూ యాప్ పేరు. మధ్యాహ్నం లంచ్ టైములో బౌండరీ అవతల ఏడో తరగతి, ఎనిమిదో తరగతి పిల్లలు చెక్కముక్కతో ఆడుకుంటున్నారు. వాళ్లలో ఒకడు బాలు లేపి కొట్టాడు. రెండోవాడు అదే రాగంలో, అదే యాప్ పేరు పెట్టి ‘ఈ భారీ సిక్సర్‌ను సమర్పిస్తున్నవారు’ అని అరిచాడు. వాడికి పదమూడేళ్లు ఉంటాయేమో. వాడి ఫోన్‌లో ఆ యాప్ లేకపోవచ్చు, కానీ ఇంటికి పోతే నాన్న ఫోన్ ఉంటుంది కదా.

గ్రౌండ్ అనేది పిల్లోణ్ణి మనం నమ్మకంగా పంపించే చోటు. బడి గోడ మీద సిగరెట్ బొమ్మ వేస్తే ఒప్పుకుంటామా?

పాతబంతి (ఒంగోలు)
మాస్టారూ, మీ మాట కాదనను గానీ మన రెండు నాలుకల సంగతి కూడా మాట్లాడుకుందాం. పండగ మూడు రోజులూ కోడిపందాలు, తోటల్లో ‘లోనా బయట’ ముక్కలాట, ఊరి పెద్దలే దగ్గరుండి నడిపిస్తారు. క్లబ్బుల్లో పేకాట సరేసరి. అక్కడ తల తిప్పుకుని ఇరవయ్యేళ్ల కుర్రాడి చొక్కా మీద లోగో ఉందని గుండెలు బాదుకోవడం నాకు ఎక్కడో నచ్చట్లా.

నల్లకోటు (నెల్లూరు)
పాతబంతి గారి ఎత్తిపొడుపు న్యాయమే. కానీ చట్టం ఎక్కడుందో ముందు చూద్దాం, లేకపోతే గాల్లో మాట్లాడుకున్నట్టు ఉంటుంది.

మన రాష్ట్రంలో గేమింగ్ చట్టం 1974 నాటిది. పేకాటలో రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆట అని సుప్రీంకోర్టు 1967లో చెప్పింది, ఆ కేసు కూడా మన ఆంధ్రప్రదేశ్‌దే. యాప్‌ల వాళ్లు ఏళ్ల తరబడి ఆ తీర్పు నీడలోనే నడిచారు. 2020లో రాష్ట్ర ప్రభుత్వం చట్టం సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించింది. నిర్వాహకులకే కాదు, ఆడినవాళ్లకు కూడా జైలు రాసిపెట్టారు.

తర్వాత 2025 ఆగస్టులో కేంద్రం చట్టం చేసింది. 20న లోక్‌సభ, 21న రాజ్యసభ, 22న రాష్ట్రపతి ఆమోదం. నైపుణ్యమా అదృష్టమా అన్న పేచీ లేకుండా, డబ్బు కట్టి డబ్బు ఆశించే ఆన్‌లైన్ ఆట ఏదైనా అందులోకి వస్తుంది. నడిపితే మూడేళ్ల వరకు జైలు, కోటి వరకు జరిమానా. మన చర్చకు కావలసింది దాని ఆరో సెక్షన్. ఏ మాధ్యమంలోనైనా, నేరుగా గానీ చుట్టుదారిలో గానీ అలాంటి ఆటను ప్రోత్సహించే ప్రకటన చేయకూడదు, చేయించకూడదు, అందులో పాలుపంచుకోకూడదు. శిక్ష రెండేళ్ల వరకు జైలు, యాభై లక్షల వరకు జరిమానా. కోర్టుల్లో దాన్ని సవాలు చేశారు, అది వేరే కథ.

పెన్నా_గట్టు గారూ, ఆ ‘న్యూస్’ తోక సంగతి. 2022 అక్టోబరు 3న కేంద్ర సమాచార, ప్రసార శాఖ టీవీ ఛానళ్లకు, డిజిటల్ మీడియాకు ఇచ్చిన సలహాలో సరిగ్గా దీన్నే ఎత్తిచూపింది. బెట్టింగ్ సైట్లు వార్తల సైట్ల వేషం వేసుకుని అదే లోగోతో వస్తున్నాయని. కోడ్ స్కాన్ చేస్తే ఐడీల నంబరు వచ్చిందంటే వేషం కూడా సరిగ్గా వేయలేదు మీవాడు. ఆ జెర్సీలు పంచితే కమిటీ వాళ్లు ‘పాలుపంచుకున్నవాళ్లు’ అవుతారనే నా అభిప్రాయం.

సెకండ్_స్లిప్
లాయరు గారూ, అంత చట్టం ఉంటే మళ్లా మన రూలు ఏంటికి? పోలీసుల్ని పట్టుకోమనండి, అయిపాయె.

నల్లకోటు
మంచి ప్రశ్న. పోలీసులు వచ్చేది టోర్నమెంటు అయిపోయినాక, అది కూడా ఎవడన్నా ఫిర్యాదు చేస్తే. అప్పుడు కేసు ఎవరి మీద? ఫోన్ చేసినవాడి నంబరు స్విచాఫ్. దొరికేది కమిటీ కుర్రోళ్లే. గ్రౌండ్ ఇచ్చే కాగితంలోనే ఒక షరతు ఉంటే జెర్సీ తొడుక్కోకముందే ఆగుతుంది. పైగా చట్టంలో ఫలానాది ‘ఆన్‌లైన్ మనీ గేమ్’ అని నిరూపించాలి. గ్రౌండ్ సొంతదారుకు ఆ బాధ లేదు. పేరు, లోగో, కోడ్ చూసి జూదం వాసన వస్తే వద్దనొచ్చు.

మెల్‌బోర్న్_నెల్లూరోడు
ఇక్కడి సంగతి కొంచెం చెప్తా. ఆస్ట్రేలియాలో బెట్టింగ్ చట్టబద్ధమే, అందుకే ఇక్కడ పోరాటమంతా ప్రకటనల మీద. 2023 జూన్‌లో పీటా మర్ఫీ అనే ఎంపీ అధ్యక్షతన పార్లమెంటు కమిటీ 31 సిఫారసులు ఇచ్చింది. అన్ని పార్టీల సభ్యులూ ఒప్పుకున్నారు. మూడేళ్లలో దశలవారీగా ఆన్‌లైన్ జూదం ప్రకటనలు మొత్తం తీసేయాలని, అందులో గ్రౌండ్ బోర్డులు, ఆటగాళ్ల యూనిఫాంలు కూడా ఉన్నాయి. ఆమె అదే ఏడాది డిసెంబరులో క్యాన్సర్‌తో చనిపోయారు. నివేదిక వచ్చి రెండేళ్లయినా ఆ సిఫారసు చట్టం కాలేదు. టీవీ ఛానళ్లు, క్రీడా సంఘాలు అడ్డం పడ్డాయి, ఆ డబ్బుకు అలవాటు పడ్డారు కదా. మా అబ్బాయి క్లాసులో పిల్లలు ఫుట్‌బాల్ మ్యాచ్ గురించి మాట్లాడేటప్పుడు ఎవరు బాగా ఆడతారు అనరు, ఎవరి మీద ఎంత రేటు ఉందో చెప్తారు.

యూరప్ ముందుంది. ఇటలీ 2018లోనే జూదం ప్రకటనలు ఆపుతూ డిక్రీ తెచ్చింది. స్పెయిన్‌లో 2021-22 సీజన్ నుంచి చొక్కాల మీద బెట్టింగ్ పేర్లు లేవు. బెల్జియంలో 2025 జనవరి నుంచి స్టేడియంలలో నిషేధం, చొక్కాలకు 2028 దాకా గడువు. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ క్లబ్బులు 2023లో తమంతట తామే ఒప్పుకున్నాయి, 2025-26 సీజన్ ముగిశాక చొక్కా ముందు భాగం నుంచి తీసేస్తామని. చేతుల మీద మాత్రం ఉంచుకుంటారట, బౌండరీ బోర్డులు కూడా. మీ జెర్సీకి కోడ్ ఎక్కడుందన్నారు? చేతి మీదే కదా. రూలు రాసేటప్పుడు ఇంగ్లండ్ వాళ్లలా ‘ముందు భాగం’ అని రాయొద్దు.

పాతబంతి
ఇంగ్లండ్ ఎందుకులే అబ్బాయ్, మన క్రికెట్ బోర్డు సంగతి చూడు. డబ్బు పెట్టి టీము కట్టే యాప్ డ్రీమ్11 వాళ్లతో 2023లో ఇండియా జెర్సీకి మూడేళ్లకు 358 కోట్ల ఒప్పందం. చట్టం రాగానే మధ్యలోనే తెగిపోయింది. ఆ సెప్టెంబరులో ఆసియా కప్ మొత్తం ఇండియా టీము ఏ స్పాన్సర్ పేరూ లేకుండా ఆడింది. కప్పు గెలిచింది కూడా. ఆ లోపు కొత్త స్పాన్సర్ కోసం పిలిచిన ప్రకటనలో బెట్టింగ్, డబ్బు గేములు, క్రిప్టో, పొగాకు, మద్యం కంపెనీలు రావొద్దని బోర్డే రాసింది. చివరికి అపోలో టైర్స్ అంతకంటే ఎక్కువకే వచ్చింది.

సెకండ్_స్లిప్
వాళ్లకు టైర్ల కంపెనీ దొరికింది బాబాయ్. మాకు పంక్చర్ షాపాయన కూడా దొరకడు.

కొండపి_రైతు
పై మెసేజ్ చూసి నవ్వాగలా. కానీ ఈ ఏడుపు నేను ముందే విన్నా తమ్ముడూ. మాది పొగాకు ఊరు. 1996 ప్రపంచ కప్పు పేరే విల్స్ వరల్డ్ కప్, విల్స్ అంటే సిగరెట్. మన టీము చొక్కా మీద అదే పేరు. ఆ చొక్కా బొమ్మ మా వేలం కేంద్రం పక్కన టీ కొట్లో ఎన్నేళ్లు వేలాడిందో. 2001లో ఆ సిగరెట్ కంపెనీ ఐటీసీ క్రికెట్ నుంచి తప్పుకుంది, 2003లో చట్టం వచ్చింది, 2004 మే నుంచి పొగాకు ప్రకటనలు బంద్. అప్పుడూ ఇదే మాట, క్రికెట్‌కు డబ్బు ఎవడిస్తాడు, పొగాకు రైతు ఏమైపోతాడు. క్రికెట్‌కేమీ కాలా. నేను ఈ ఏడాది కూడా పొగాకే వేశా. నా కష్టాలన్నీ గ్రేడు దగ్గర, రేటు దగ్గర. చొక్కా మీద పేరు పోయినందుకు ఒక్క బేలు తక్కువ కొనలేదు.

అంటే నిషేధం పెడితే పొగ తాగడం ఆగిపోయిందని నేను అనట్లా. ఇవాళ బ్యాటు పట్టుకున్న ఏ పిల్లోడికీ సిగరెట్ గుర్తు రాదు. నా వయసు వాళ్లకు వచ్చేది.

పాతబంతి
సిగరెట్ పోయి గుట్కా కంపెనీల ఏలకులు వచ్చాయి కదా పెద్దాయనా. మద్యం కంపెనీల సోడా, మ్యూజిక్ సీడీలు సరే. 2025 మార్చిలో కేంద్ర ఆరోగ్య శాఖ నుంచి ఐపీఎల్ ఛైర్మన్‌కు లేఖ పోయింది, స్టేడియంలో పొగాకు, మద్యం ప్రకటనలు, ఆ ముసుగు ప్రకటనలు కూడా ఆపమని. చట్టం అమలైన ఇరవై ఏళ్ల తర్వాత లేఖ రాయాల్సి వచ్చిందంటే ముసుగు ఎంత గట్టిదో చూడండి. రేపు మీ ‘న్యూస్’ వాడు ‘టీ కంపెనీ’ అని వస్తాడు.

సింగరాయకొండ_కోడలు
చాలాసేపటి నుంచి చదువుతున్నా. మగవాళ్లంతా చట్టాలు, స్పాన్సర్లు మాట్లాడుతున్నారు. ఇంట్లో సంగతి ఒకటి చెప్తా.

మా మరిది రొయ్యల చెరువు కౌలుకు చేసేవాడు. బుకీ మొహం వాడు ఎప్పుడూ చూడలేదు, చూసినా దగ్గరికి పోయేవాడు కాదు, అంత భయస్థుడు. టీవీలో పేరున్న క్రికెటర్ చెప్పాడని టీము కట్టే యాప్‌లో యాభై రూపాయలతో మొదలుపెట్టాడు. అక్కడి నుంచి ఎవరో ఐడీ ఇచ్చారు. మేత బాకీ కట్టాల్సిన డబ్బు పోయినాక బ్యాంకు స్టేట్‌మెంట్ తీయించాం. రెండొందలు, ఐదొందలు, రెండువేలు, పేజీల కొద్దీ. ప్రతి ఎంట్రీ దగ్గర వేరే వేరే మనుషుల పేర్లు. ఒక్కచోట కూడా కంపెనీ పేరు లేదు. పోలీసులకు ఎవరి పేరు చెప్పాలి మేము? మా అత్తమ్మ ఆ పేర్లు ఒక్కొక్కటి చదివించుకుని ‘వీళ్లంతా ఎవరే, వీళ్లకు మనమెందుకు బాకీ పడ్డాం’ అని అడిగింది.

అందుకే మనసు అదుపులో పెట్టుకోవాలి అని ఎవరైనా రాయబోతుంటే దయచేసి రాయొద్దు. అదుపు తప్పించడానికి అంత డబ్బు పోసి ఒకడు పని చేస్తున్నప్పుడు ఒక్క కుర్రాడి అదుపు ఏపాటిది?

పెన్నా_గట్టు
అక్కా, ఏం చెప్పాలో తెలీట్లేదు. ఇప్పుడెట్టా ఉండాడు?

సింగరాయకొండ_కోడలు
హైదరాబాద్‌లో సెక్యూరిటీ ఉద్యోగం చేస్తున్నాడు తమ్ముడూ. ఫోన్ బటన్లది కొనిచ్చాం. వాడి సంగతి ఇక చాలు, మీ రూలు సంగతి కానివ్వండి.

లైవ్_లింక్ (ఆత్మకూరు)
నేను టోర్నమెంట్లకు యూట్యూబ్ లైవ్ ఇస్తుంటా. మా పొట్ట మీద కొట్టే టాపిక్ అయినా ఒక నిజం చెప్పాలి. స్కోరు పట్టీ పక్కన లోగో పెడితే ఎరువుల షాపు వాళ్లు ఇచ్చేదానికి నాలుగింతలు ఇస్తామంటారు వీళ్లు. మొదట్లో సంబరపడ్డా. తర్వాత వాళ్ల షరతులు చూసి అనుమానం వచ్చింది. లైవ్ ఒక్క సెకను కూడా ఆగకూడదు. బాలు బాలుకూ స్కోరు ఫోన్‌లో చెప్పే మనిషిని గ్రౌండ్‌లో కూర్చోబెడతామంటారు. టాస్ టైము మారకూడదు. ఊరి టీముల ఆటగాళ్ల పేర్లు ముందురోజే పంపాలి. జెర్సీ ప్రచారానికి ఇవన్నీ దేనికి? వాళ్లకు కావలసింది మా ప్రేక్షకులు కాదు, మా మ్యాచ్. ఎక్కడో కూర్చుని మన టెన్నిస్ బాల్ మ్యాచ్ మీద పందెం కాయిస్తారు.

మెల్‌బోర్న్_నెల్లూరోడు
గుజరాత్ మోలిపూర్ గుర్తుందా! మెహ్సానా జిల్లా, 2022. పొలంలో లైట్లు కట్టి, కూలీలకు మ్యాచ్‌కు 400 చొప్పున ఇచ్చి, ఐపీఎల్ అని పేరు పెట్టి యూట్యూబ్‌లో లైవ్ ఇచ్చారు. రష్యాలో కూర్చున్నవాళ్లు పందేలు కాశారు. అంపైర్‌కు వాకీటాకీలో చెప్తే వాడు బౌలర్‌కు, బ్యాట్స్‌మన్‌కు సైగ చేసేవాడు. జట్ల జెర్సీలు కూడా అచ్చం అసలువాటిలాగే.

పీఈటీ_మాస్టారు
లైవ్_లింక్ బాబూ, నువ్వు చెప్పింది ఈ చర్చ మొత్తంలో నాకు అన్నిటికంటే భయం పుట్టించిన ముక్క. మా పిల్లల్లో బాగా ఆడేవాడు ఇద్దరు ముగ్గురు ఉంటారు. వాడి దగ్గరికి ఒకడు వచ్చి ‘తర్వాతి ఓవర్లో ఒక వైడ్ వెయ్యి, వెయ్యి రూపాయలు’ అంటే? వాడు వేసే చొక్కా ఇచ్చింది కూడా అతనే అయితే కాదని ఎట్టా అంటాడు?

సెకండ్_స్లిప్
సరే. ఈ వైడ్ సంగతి నాకు తట్టలా. నా టీములోనే అట్టాంటి కుర్రోడు ఒకడు ఉండాడు, ఇంట్లో పరిస్థితి బాగాలేదు.

కానీ డబ్బు మాట వదలను. జెర్సీలు లేకుండా టీములు రావు, ఫోటోల కోసమే వచ్చేవాళ్లు సగం మంది.

పాతబంతి
మేం ఆడిన రోజుల్లో తెల్ల బనీను, వీపు మీద పెయింటుతో నంబరు. సర్లే, ఆ సోది ఆపుతా. ఒంగోలులో హోల్‌సేల్‌లో ప్లెయిన్ రంగు టీషర్టులు సగం రేటుకు వస్తాయి. నంబరు మాత్రం వేయించుకోండి. మిగిలింది టీముకు ఒక దాత, మా వైపు గ్రానైట్ వాళ్లను అడుగుతాం. వాళ్ల పేరు చేతి మీద పెడితే నాకేం అభ్యంతరం లేదు.

కొండపి_రైతు
మా ఊరి టీము టీషర్టులు నాయి. పేరేమీ వేయొద్దు, ఆలస్యం చేయకుండా కొలతలు పంపండి.

పీఈటీ_మాస్టారు
రూలు సంగతికి వద్దాం. గ్రౌండ్ ఎవరిది అన్నదాన్ని బట్టి అడగాలి. జిల్లా పరిషత్ హైస్కూల్ అయితే హెడ్మాస్టరు, స్కూల్ కమిటీ. మున్సిపాలిటీది అయితే కమిషనర్. నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం లాంటివైతే జిల్లా క్రీడా సంస్థ. కాలేజీ గ్రౌండ్ అయితే ప్రిన్సిపాల్. అనుమతి కాగితంలో ఇప్పటికే ‘మద్యం సేవించరాదు, పిచ్ పాడుచేయరాదు’ అని ఉంటాయి. ఇంకో మూడు లైన్లు చేర్చడానికి ఎవరి జీవో అక్కర్లేదు.

నల్లకోటు
ఆ మూడు లైన్లు నేను రాశా, సవరించండి:

‘క్రీడాప్రాంగణంలో గానీ, ఆటగాళ్లు, అంపైర్లు ధరించే దుస్తుల ఏ భాగంలో గానీ, మైకులో గానీ, ప్రత్యక్ష ప్రసారంలో గానీ పందేలు, జూదం, డబ్బు ఆటలకు సంబంధించిన పేరు, లోగో, కోడ్, ఫోన్ నంబరు ఉండరాదు. అదే పేరును, లోగోను పోలిన ఇతర వ్యాపారాల ప్రకటనలకు కూడా ఇది వర్తిస్తుంది. ఉల్లంఘిస్తే అనుమతి ఆ క్షణమే రద్దు, డిపాజిట్ తిరిగి ఇవ్వబడదు.’

లైవ్_లింక్
‘గ్రౌండ్ నుంచి బాలు బాలుకూ స్కోరు బయటికి చెప్పరాదు’ అని కూడా పెట్టండి సార్. నేను లైవ్‌ను ఒక ఓవర్ ఆలస్యంగా ఇస్తా. ఊళ్లో చూసేవాళ్లకు తేడా ఏమీ తెలీదు, పందెం కాసేవాడికి మాత్రం అది పనికిరాదు.

సెకండ్_స్లిప్
ఒక ఓవర్ ఆలస్యమా! గ్రౌండ్‌లో కేకలు వినిపించినాక ఫోన్‌లో సిక్స్ వస్తుందన్నమాట. దుబాయ్‌లో ఉండే మా మామ తిడతాడు. తిట్టనీలే.

పాతబంతి
నల్లకోటు గారూ, ‘పందేలు’ అని రాశారు. మా వైపు బండలాగుడు పోటీల్ని కూడా ఎడ్ల పందాలు అంటారు. మా ఒంగోలు గిత్తల బహుమతుల బోర్డులు ఎవడన్నా పీకేస్తే ఊళ్లు ఊరుకోవు. ‘డబ్బు ఒడ్డే పందేలు’ అని మార్చండి.

నల్లకోటు
మార్చా. బాగా పట్టారు.

పెన్నా_గట్టు
అయితే జెర్సీ ఆయనకు వద్దని చెప్పేస్తుండా. కమిటీలో ఇంకా ఇద్దరు మొండికేస్తుండారు, ఈ చర్చ లింకు వాళ్లకు పంపినా. సోమవారం గ్రీవెన్స్‌లో కలెక్టరేట్‌కు పోయి ఈ షరతు జిల్లాలోని గ్రౌండ్లన్నిటికీ పెట్టమని అర్జీ ఇస్తాం. మాస్టారు వస్తానన్నారు. ఒంగోలు వైపు మీరు ఎవరన్నా ఇస్తారా?

సింగరాయకొండ_కోడలు
ఒంగోలులో నేను ఇస్తా. బ్యాంకు స్టేట్‌మెంట్ కాపీ కూడా జత చేయొచ్చా, లేక పేర్లు ఉన్నాయి కాబట్టి వద్దా? లాయరు గారు చెప్పండి.

నల్లకోటు
జత చేయొద్దమ్మా, అవి పోలీసు ఫిర్యాదుకు ఉంచండి. అర్జీ మాత్రం రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద రసీదు నంబరు వేయించుకోండి.